మీటరు చెప్పని సంగతి

“గీ బ్యాటరీ నువ్వైతే జేబుల పెట్టుకుంటవా అన్నా?” అని కొనడానికి వచ్చిన సుజిత్ మొహంమీదే అడిగాడు.

దుబాయ్‌లోని నైఫ్ బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే అమలాపురం శ్యాంప్రసాద్‌కు చిర్రెత్తింది. 2016లో అక్కడ వేప్, అంటే ఈ-సిగరెట్, సరుకు అమ్మడం నిషేధం, బేరమంతా కౌంటర్ కిందే. పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసిన బ్యాటరీ సెల్‌కు కొత్త తొడుగు వేసి, మీటరు పెట్టి చూపించాడు.

“నాలుగు పాయింట్ రెండు వోల్టులు. ఫుల్లు! ఇంకేం కావాలేంటి? యల్లా, పద.”

సుజిత్ వాడే మెకానికల్ వేప్‌లో కరెంటును అదుపుచేసే సర్క్యూట్ ఉండదు. ఊరికే ఉన్న సెల్ ఎన్ని వోల్టులు చూపినా, పొగ పుట్టించే వేడి కాయిల్ ఒక్కసారిగా లాగే కరెంటును తట్టుకుంటుందో లేదో మీటరు చెప్పదు. ఆ సంగతి శ్యాంప్రసాద్‌కు తెలుసు. తెలిసే అమ్మాడు.

మూడోనాడు అది సుజిత్ చేతిలోనే భగ్గుమంది. అరచెయ్యి కాలింది. ఆసుపత్రిలో ఎలా కాలిందని నర్సు అడిగితే, వెంట వచ్చిన శ్యాంప్రసాద్ నేల చూపులు చూశాడు. సుజిత్ మాత్రం తడుముకోకుండా, “తేల్ గిర్ గయా సిస్టర్,” అన్నాడు, వంటనూనె పడిందని.

దీన్ని స్నేహమని పొగిడేవాళ్లుంటారు. శ్యాంప్రసాద్‌కు మాత్రం నలుగురిలో బట్టలూడినట్టయింది. సుజిత్ తనను పోలీసులకు పట్టించి ఉంటేనే బాగుండుననిపించింది.

ఆ సెల్ అరువుకిచ్చింది. సుజిత్ ఇంకా నలభై దిర్హాములు బాకీ; అది అడిగే మొహం శ్యాంప్రసాద్‌కు ఇక లేదు.