నా సైనిక సెలవు

సిగ్గుతో ఎవరూ చచ్చిపోరని నాకు కెనడాలోని హాలిఫాక్స్‌లో ఖాయంగా తెలిసింది. చచ్చే వీలుంటే ఆ నవంబరులోనే పోయేదాన్ని, మీకు ఈ ఘోరం వినే బాధ తప్పేది.

అప్పట్లో మన ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులతో అక్కడి బస్సులు కిటకిటలాడేవి. నేను పబ్లిక్ హెల్త్ చదువుతూ రేవు దగ్గర కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. నాతో పనిచేసే ర్యాన్ నేవీ రిజర్వులో ఉన్నాడు. మామూలు రోజుల్లో మాతోపాటు కాఫీ పోస్తాడు, నేవీ పిలిస్తే వెళ్తాడు. తిరిగొచ్చేదాకా అతని ఉద్యోగం అతనికే ఉంటుంది. మేం ఒక్క పూట జ్వరమొచ్చి మానేస్తే మాత్రం మా షిఫ్టు ఇంకొకరి పాలయ్యేది.

ఆ చలికాలం చదువులో భాగంగా నాకు ఫ్లూ టీకాల శిబిరంలో కొన్నాళ్ళు ప్లేస్‌మెంట్ పడింది. ముదురు నీలం యూనిఫాం ఇచ్చారు, భుజాల మీద పట్టీలతో సహా. అది తొడుక్కోగానే నా నడక మారిపోయింది. మా రూమ్మేట్ రజితది కరీంనగర్.

"గట్ల నడుస్తున్నవేందే? కాలికేమన్న అయిందా?" అంది.

"ఇది ఆఫీసర్ నడక. ర్యాన్‌కిచ్చే సెలవు నాకూ ఇమ్మని అడుగుతా. అతనిదీ యూనిఫామే, నాదీ యూనిఫామే కదా?"

"అడుగు, ఏం బోతది?"

ఏం పోయిందో వినండి.

మర్నాడు ఆ వేషంలోనే మేనేజర్ మార్గరెట్ ముందు నిటారుగా నిలబడ్డాను. శిబిరంలో మా సూపర్‌వైజర్ నోట విన్న పెద్ద మాటొకటి నా దగ్గర సిద్ధంగా ఉంది.

"మార్గరెట్, నన్ను డిప్లాయ్ చేస్తున్నారు. ర్యాన్‌లాగే నాకూ సెలవు కావాలి."

మా శిబిరంలో ఆ మాటకు డ్యూటీ వేయడమని అర్థం. నౌకాదళం ఉన్న ఊళ్ళో మాత్రం యుద్ధరంగానికి పంపడమనే వినిపిస్తుందట. నాకేం తెలుసు?

మార్గరెట్ చేతిలో కప్పు కింద పెట్టేసింది. "నిన్నా? ఎక్కడికి?"

"ముందుగా చెప్పరు. ఏ రోజు ఎక్కడో ఆ పొద్దునే చెప్తారు."

"ప్రమాదమా?"

సూది చూసి స్పృహ తప్పేవాళ్ళు గుర్తొచ్చారు నాకు. "కొంతమంది పడిపోతారు," అన్నాను గంభీరంగా. "మేం పట్టుకోవాలి."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు. చాలా సంతోషించింది."

ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుని కళ్ళు తుడుచుకుంది. కెనడాలో ప్రజారోగ్యానికి ఇంత గౌరవమా అని నేను మురిసిపోయాను. నాలాంటిదానికి వీసా ఇచ్చినవారిని ఏమనాలో మీరే చెప్పండి.

శుక్రవారం నన్ను సాగనంపుతూ కేకు కోశారు. రోజూ వచ్చే వాల్టర్ గారు, నేవీలో రిటైరైన పెద్దాయన, కష్టపడి కుర్చీలోంచి లేచి సెల్యూట్ చేశారు. "క్షేమంగా తిరిగి రా అమ్మా," అన్నారు. నేనూ తిరిగి సెల్యూట్ చేశాను, ఎడమచేత్తో. కుడిచేతిలో కేకుంది మరి.

తర్వాతి వారం ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఒక చర్చి హాల్లో తేలాను. టీకా వేయించుకున్నవాళ్ళు లేవగానే కుర్చీ తుడవడం, పిల్లలకు స్టిక్కరు అంటించడం, ఇదీ నా విధి. వంగి తుడుస్తుంటే నా ఎదుట మెరిసే నల్లబూట్లు ఆగాయి. తలెత్తాను. వాల్టర్ గారు, చొక్కా చెయ్యి పైకి మడిచి.

ఆయన నన్ను చూశారు, చేతిలో స్ప్రే సీసాను చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"నిన్ను పంపింది ఇక్కడికా?"

అప్పుడు వెలిగింది నాకు. కౌగిలి, కేకు, సెల్యూట్, అన్నీ వరసగా అర్థమయ్యాయి. చెవులు కాలిపోయాయి. ఆ మడత కుర్చీతోపాటు నన్నూ మడిచి గోడకు ఆనించేస్తే బాగుండనిపించింది.

"క్షమించండి సార్. నేను యుద్ధమని అనలేదు. మీరేమో అంత కష్టపడి లేచి..." ఏడుపొచ్చేసింది.

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మెల్లగా ఆ కుర్చీలో కూర్చున్నారు.

"నా భార్య ఫ్లూతోనే పోయింది," అన్నారు. "శుభ్రంగా తుడువు."

ప్లేస్‌మెంట్ అయ్యాక, ఉద్యోగం ఊడిందనుకుంటూ తల దించుకుని షాపుకెళ్ళాను. మార్గరెట్‌కు వాల్టర్ గారు అప్పటికే అంతా చెప్పేశారు.

"వాల్టర్ ఊరుకోలేదు, ఓనర్‌ని ఒప్పించాడు," అంది. "ఇకనుంచి హెల్త్ డ్యూటీకి వెళ్ళేవాళ్ళకూ ర్యాన్ సెలవే."

తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. ఆ సెలవుకు అక్కడ నా పేరే పెట్టారు, స్వాతి సెలవని. కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ అడుగుతారట: "పాపం, ఎవరావిడ? యుద్ధంలో పోయిందా?"

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అర్థం నలుగురినీ అడిగి తెలుసుకోనిదే ఏ పెద్ద మాటా నా నోట రాదు. మొన్న మీటింగులో మా బాస్ "మొబిలైజ్" అన్నాడు. నేను దగ్గు నటించి బయటికి వచ్చేశాను.