సగమే సేవ్ అయిన వంతెన

ఈ దీవుల్లో, మిడిల్ పాయింట్‌లోని మా కాంట్రాక్టు ఆఫీసులో ల్యాప్‌టాప్‌లన్నీ ఫైళ్లను ఒకే లైనక్స్ సర్వర్‌లో దాచుకుంటాయి. కరెంటు పోయి సర్వర్ ఆగిపోతే, అది మళ్లీ లేచేదాకా ల్యాప్‌టాప్‌లూ ఆగి, ఫైలు పూర్తిగా సేవ్ చేయాలని, వాటిని సర్వర్‌కి కలిపే మౌంట్ ఆప్షన్లలో ‘హార్డ్’ అని నేనే పెట్టాను.

ఈ రోజు డిగ్లీపూర్ వంతెన డ్రాయింగు తెరిస్తే సగం వంతెనే ఉంది. ఆప్షన్లు చూస్తే ‘హార్డ్’ పోయి ‘సాఫ్ట్’ వచ్చింది. అంటే సర్వర్ కాసేపు పలకకపోతే ఫైలు రాయడం సగంలోనే వదిలేయమని!

పక్క సీటు రమణని అడిగాను.

“నేనే మార్చీసినాను దీదీ. కరెంటు పోతే చాలు, సిస్టమ్ అటక్ అయిపోయి కదలదు. ఇప్పుడు ఏక్‌దమ్ స్మూత్!”

“మరి ఎర్రర్ రాలేదా?”

“రోజూ వస్తంది. ఓకే కొట్టీస్తన్నాను.”

ఒళ్లు మండిపోయి మళ్లీ ‘హార్డ్’ పెట్టాను. సాయంత్రం కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లన్నీ బిగుసుకుపోయాయి. ఓనరు సాబ్ కేబిన్‌లోంచి అరిచాడు: “రమణ పెట్టిందే బాగుందమ్మా, అదే ఉంచు. కామ్ ఆగకూడదు, పని నడవాలి!”

ఛీ! వంతెన సగమే కట్టి, దాని మీద మొదట సాబ్‌నే నడిపించాలనుంది. వెనకాల రమణని కూడా పంపనా? మీరే చెప్పండి.