యాన్బులో నలభై పసుపు రుమాళ్ళు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలరాయుణ్ణి. చీమ కుట్టిందని చెప్పడానికి నోరు తెరిస్తే పాము కరిచిందని బయటికొస్తుంది. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది. నాకు నూట నాలుగు జ్వరమంటే, ఇరవయ్యారే కదా అని మజ్జిగన్నం పెట్టి పడుకోబెడుతుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి, ఎవరికీ నష్టం లేదు.

పోయిన వారం సౌదీలో, ఈ యాన్బులో, మా వంటిల్లు అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంటే పసుపు డబ్బా జారి, మూత ఊడి, తెల్లటి టైల్సు మీద కడప జిల్లా మొత్తం ఒక్కసారిగా ఒలికినట్టయింది. ఆ ఘాటు వాసన, ఎండిన మట్టిలాంటి ఆ వాసన, ముక్కులోంచి దిగి గుండెల్లో మఠం వేసుక్కూర్చుంది. మా ఆవిడ కంగారుగా సర్ఫు నీళ్ళు పోసింది. చూస్తుండగానే ఆ మరక ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మా కంపెనీ ఆకుపచ్చలోంచి పసుపులోకి పడిందని. ఈ దేశంలో కొన్నేళ్ళుగా నితాఖత్ అని ఒక పద్ధతి నడుస్తోంది. సౌదీవాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి ప్రతి కంపెనీకీ ఒక రంగు వేస్తారు. ఆకుపచ్చ అయితే ఊపిరి తీసుకోవచ్చు, పసుపు అయితే బిగబట్టాలి, ఎరుపైతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డుకు రెన్యువల్ ఉండదు, పెట్టె సర్దుకోవడమే. దానికి తోడు ఇంట్లో ఉన్న ప్రతి తలకాయకూ కట్టాల్సిన లెవీ ఏటేటా పెరిగి నా పీక దాకా వచ్చింది గనక, మా ఆవిడా పిల్లలూ గురువారం ఎగ్జిట్ మీద, అంటే తిరిగిరాని వీసా మీద, వెళ్ళిపోతున్నారు. నలభై దాటిన మనిషిని, నేల మీద మరక చూసి రెండడుగులు వెనక్కి వేశాను. పసుపు ఎరుపెక్కడం ఇదే ఊళ్ళో, పదేళ్ళ వయసులో, ఇంతకంటే పెద్ద భయంతో ఒకసారి చూశాను.

అది ఎనభై ఆరు, ఫిబ్రవరి. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పేరుకు సాయిబులమైనా ఇంట్లో తెలుగే. మా నాయన యాన్బులో ఒక కంపెనీ ఫ్యాబ్రికేషన్ షాపులో ఫోర్మన్. ఆయన వేసిన వెల్డింగు కుట్టు ఎంత సన్నమంటే, చూసిన దర్జీలు సిగ్గుపడి వృత్తి మానుకున్నారు. సముద్రానికీ రిఫైనరీకీ మధ్య ఇసుకలో రెండు వరసల రేకు క్వార్టర్లు, అదే మా క్యాంపు; ఒక వైపు నుంచి ఉప్పు గాలి, ఇంకో వైపు నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చి సరిగ్గా మా గుమ్మంలో కలబడేవి. అక్కడి రుతువులు రెండే: ఎండ, ఎండను మించిన ఎండ. ఆ రెండింటి సందులో జనవరి, ఫిబ్రవరుల్లో కాస్త చలిగాలి దూరితే అమ్మ ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి, చెనక్కాయల పొడి దంచేది. ఆ రోకలి చప్పుడుకు ఎర్రసముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చి నిలబడేవి. పిల్లలం గోలీలకు బదులు వర్క్‌షాపులో పారేసిన బాల్ బేరింగు గుండ్లతో ఆడేవాళ్ళం, ఎండకు అవి కాలి వేళ్ళు బొబ్బలెక్కేవి, అయినా మానేవాళ్ళం కాదు. నాయన ఒక పాత పైపు రింగును స్తంభానికి అతికించి ఇస్తే, దాంట్లోకి బంతి విసరడం నేర్పినవాడు పక్కింటి దాంతే మామ.

దాంతే మామది ఫిలిప్పీన్స్. నాయన కింద పైపులు బిగించే పని. ఆయన భార్య లిగాయా అత్త క్యాంపు క్లినిక్‌లో నర్సు కాబట్టి వాళ్ళకూ ఫ్యామిలీ క్వార్టరు దక్కింది. వాళ్ళింట్లో ఎండుచేప వేయించిన రోజున మొత్తం వరస కిటికీలు మూసుకునేది, అమ్మ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర గిన్నె తీసుకుని మార్పిడికి వెళ్ళేది. క్రిస్మస్ బయట చేసుకునే వీల్లేని దేశం గనక, డిసెంబరులో వాళ్ళు కాగితంతో ఒక నక్షత్రం చేసి, వంటింట్లో పరదాలు మూసి, తలుపు గడియ వేసి, దాంట్లో బల్బు వెలిగించేవారు. నన్ను లోపలికి పిలిచి చూపించి, బయట చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టేవారు. నా నోరు అంతకాలం మూతపడి ఉండటం చరిత్రలో అదొక్కసారే.

దాంతే మామ ఎడమచేతికి రెండు వేళ్ళ మీద గోళ్ళు లేవు. అవి ఎటు పోయాయని ఒకసారి అడిగాను. ఆయనకొచ్చిన హిందీలో నవ్వుతూ, "మా ప్రెసిడెంటు దగ్గర దాచిపెట్టా. అడిగితే తిరిగివ్వట్లేదు," అన్నాడు. చాలా రోజులు వాళ్ళ ప్రెసిడెంటు ఒక డబ్బా నిండా గోళ్ళు దాచుకుని లెక్క చూసుకుంటుంటాడని నమ్మాను. తర్వాత నాయన అమ్మతో చెబుతుంటే విన్నాను. మనీలాలో ఓడలు కట్టే చోట యూనియన్ పెట్టాడని సైనికులు తీసుకుపోయి ఏడు నెలలు ఉంచుకున్నారట. బయటపడ్డాక ఏజెంటును పట్టుకుని ఇటొచ్చాడట. ఇక్కడ ఒక్క గోరు కూడా ఎక్కువ చేసి చెప్పడం లేదు, రెండే.

ఆ ఫిబ్రవరిలో వాళ్ళ దేశంలో ఎన్నికలు జరిగాయి. ఎన్నో ఏళ్ళుగా కుర్చీ దిగని ఆ మనిషికి ఎదురుగా ఒక వితంతువు నిలబడింది. ఆమె భర్తను విదేశం నుంచి తిరిగొచ్చిన రోజున ఎయిర్‌పోర్టులోనే కాల్చి చంపారు. ఓట్లు తారుమారు చేశారని జనం రోడ్ల మీదికొచ్చారు, ట్యాంకులకు అడ్డంగా కూర్చున్నారు. మా నాయన టూ-ఇన్-వన్‌కు వంటింటి కిటికీలోంచి తీగ లాగితే, గురగుర శబ్దాల మధ్య లండన్ వార్తలు వినిపించేవి. దాంతే మామ దాని ముందు కూర్చుంటే రేడియో ఆయన్ను వింటున్నట్టుండేది, అంత నిశ్శబ్దంగా.

ఆమె మనుషుల గుర్తు పసుపు రంగు. క్యాంపులోని ఫిలిప్పీనోలు ఇక్కడి నుంచి ఏమీ చేయలేరు, కనీసం చొక్కా చేతి కింద మణికట్టుకు ఒక పసుపు గుడ్డ కట్టుకుంటామన్నారు. అంత పసుపు బట్ట అంగట్లో కొంటే అందరి కళ్ళూ పడతాయి. అమ్మ ఆ మాట విని, ఇంట్లో ఊరి పసుపు మూటలుండగా రంగుకు అంగడికి పోవడమేమిటంది. లిగాయా అత్త క్లినిక్‌లో పక్కన పడేసిన తెల్ల దుప్పట్లు తెచ్చింది. అమ్మ వాటిని చింపి, పెద్ద డేగిసాలో పసుపు ఉడికించి, నలభై రుమాళ్ళు ముంచి తీసింది. మూడు రోజులు మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. నా అరచేతులు ఎంత పచ్చగా మారాయంటే దూరం నుంచి చూసి నాకు కామెర్లని స్కూలు బస్సు ఆపకుండా వెళ్ళిపోయారు.

నాలుగో రోజు మెస్సు గోడ మీద కంపెనీ నోటీసు అంటించారు. సొంత దేశపు రాజకీయాలు ఇక్కడ కుదరవు, ఎవరి దగ్గరైనా ఆ గుర్తు కనిపిస్తే ఎగ్జిట్ కొట్టి మొదటి విమానం ఎక్కిస్తారు. మిగతావాళ్ళకు ఎగ్జిట్ అంటే ఉద్యోగం పోవడం. దాంతే మామకు అలా కాదు. ఆయన మనీలాలో దిగితే అక్కడ ఇంకా ఆ మనిషే ఉన్నాడు, ఎయిర్‌పోర్టులో ఆ సైనికులే ఉన్నారు. ఇంకొన్నాళ్ళు, ఆ మనిషి దిగిపోయేదాకా, ఎలాగైనా ఆయన ఈ ఇసుకలోనే ఉండిపోవాలి. పెద్దవాళ్ళు గుసగుసల్లో చెప్పుకున్నా నాకు అర్థమైంది ఇదే. ఆ రోజు నుంచి ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే చాలు, పరుగెత్తి దాంతే మామ గుమ్మంలో ఆయన చెప్పులున్నాయో లేదో చూసొచ్చేవాణ్ణి.

నలభై రుమాళ్ళూ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. నాయన షిఫ్టు మధ్యలో పరుగున వచ్చి, క్యాంపు అజమాయిషీ చూసే క్యాంప్ బాస్ క్వార్టర్లన్నీ వెతుకుతున్నాడన్నాడు.

"యాడ దాచేదయ్యా ఇన్ని గుడ్డలు?" అంది అమ్మ.

"దాచేదేంది మే, ఉతుకు. తెల్లగయ్యేదాకా ఉతుకు," అని నాయన మళ్ళీ పరిగెత్తాడు.

అమ్మ బకెట్టు నిండా చాకలి సోడా కలిపి రుమాళ్ళన్నీ ఒక్కసారే ముంచేసింది. పసుపులో సున్నం కలిపి ఊరందరి పిల్లలకూ ఎర్రనీళ్ళతో దిష్టి తీసిన చెయ్యి అది. సోడా తగిలితే ఏమవుతుందో ఆ చేతికి తెలియాల్సిందే. భయంలో మర్చిపోయింది. నలభై రుమాళ్ళూ నెత్తురులో ముంచినట్టు ఎర్రబడ్డాయి. అమ్మ గుండె బాదుకుని మంచినీళ్ళలో జాడిస్తే మళ్ళీ పసుపు తేలడం మొదలైంది. సోడాలో వేస్తే ఎరుపు, నీళ్ళలో వేస్తే పసుపు, తెలుపు మాత్రం ఎటు తిప్పినా రాలేదు. ఆఖరికి, "పసుపు కన్నా ఎరుపే మేలు, ఎయ్‌రా అబ్బీ తీగ మీద," అంది. ఇద్దరం వాటిని సోడా కారుతుండగానే పెరట్లో ఆరేశాం. చివరి రుమాలు ఆరేసేటప్పటికి పెరటి గేటు దగ్గర క్యాంప్ బాస్ నిలబడి ఉన్నాడు.

ఆయన లాహోరు మనిషి, ఏడడుగుల పొడుగు, మీసాల మీద రెండు పావురాలు కూర్చోగలవు. ఒక రుమాలును వేలితో ఎత్తి, "యే లాల్ కప్డే కిస్‌కే హై?" అన్నాడు. ఈ ఎర్ర గుడ్డలు ఎవరివి అని. అమ్మకు ఆ భాష రాదు. పక్క గుమ్మంలో దాంతే మామ రాయిలా నిలబడ్డాడు. నేను ముందుకొచ్చి, ఛాతీ విరుచుకుని, నాకొచ్చిన ఉర్దూలో, "వర్క్‌షాప్ కే హై చాచా, హాథ్ పోంఛ్‌నే కే," అన్నాను. వర్క్‌షాపులో చేతులు తుడుచుకునే గుడ్డలు నిజంగానే ఎర్రగా ఉంటాయి, అది ఆయనకూ తెలుసు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, వర్క్‌షాపులో గుడ్డలకు కరువుందని చెప్పి, నలభైనీ ఊడదీసి పికప్‌లో వేసుకుని స్వయంగా తీసుకెళ్ళి అక్కడ దించాడు.

రెండో రోజు సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, రేడియోలో ఆ మనిషి కుటుంబంతో సహా దేశం వదిలి పారిపోయాడని చెప్పారు. నాయన చెప్పిన దాని ప్రకారం, వర్క్‌షాపులో ఫిలిప్పీనోలు ఒక్కొక్కరే గ్రీజు గుడ్డలు తీసుకుని కుళాయి కింద పెట్టి జాడిస్తుంటే, సోడా పోయి, అంత మురికిలోంచీ పసుపు మళ్ళీ బయటపడిందట. ఎవరూ కేకలు వేయలేదట, కుళాయి దగ్గర వరసలో నిలబడ్డారట, అంతే. నెల తిరిగేసరికి దాంతే మామ తనంతట తానే ఎగ్జిట్ అడిగి తీసుకుని, లిగాయా అత్తతో వెళ్ళిపోయాడు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. పడగొట్టి, ఇసుక చదును చేసి, చుట్టూ కంచె వేశారు. లెవీ వచ్చాక మేముంటున్న బిల్డింగులో కుటుంబాలు ఒక్కొక్కటే ఖాళీ అయి, మెట్ల మీద పిల్లల చెప్పులు కనపడటం మానేశాయి. సాయంత్రాలు ఏ వంటింట్లోంచీ ఏ దేశపు తాళింపూ రాదు. ఉన్నవాళ్ళం తలుపులు వేసుకుని ఫోన్లలో రంగులు చూసుకుంటున్నాం. అమ్మా నాయనా పోయారు. ఆ రోజు పెరట్లో జరిగినదానికి నాకు తెలిసి సాక్షులెవరూ మిగల్లేదు, కాబట్టి అబద్ధమాడటానికి ఇంత అనువైన సమయం నాకు దొరకదు.

అయినా చెప్పేస్తాను. రుమాళ్ళు నలభై కావు, పాతిక లోపే. క్యాంప్ బాస్ మామూలు పొడుగే. ఇవన్నీ కోతలు, నాకు సిగ్గు లేదు. కల్పించింది మాత్రం ఒక్కటే. ఆయన ఆ ఎర్ర గుడ్డలు ఎవరివని అడిగినప్పుడు నేను ముందుకు రాలేదు, ఛాతీ విరుచుకోలేదు, ఉర్దూ మాట్లాడలేదు. నిక్కరు తడిసిపోయింది. చెయ్యెత్తి, వేలు చాపి, దాంతే మామ గుమ్మం చూపించాను.

క్యాంప్ బాస్ అటు తిరిగాడు. దాంతే మామ నా వేలి వైపు చూశాడు, తడిసిన నా నిక్కరు వైపు చూశాడు. తర్వాత మెల్లగా గడప దిగి వచ్చి, నన్ను తన వెనక్కి జరిపి, ఆయన హిందీలో ఆయనే చెప్పాడు, వర్క్‌షాపు గుడ్డలని. ఆ తర్వాత ఇక్కడున్న నెల రోజుల్లో దాని గురించి ఒక్క మాట అనలేదు. మొన్న మా అబ్బాయి ఆ రోజు సంగతి అడిగితే వాడికి కూడా, ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నట్టే, ఆ మాట నేనే అన్నానని చెప్పాను.