సింహాద్రి వెనక్కిచ్చిన మోటారు

1998 వేసవిలో గోపాలపట్నంలోని ఒక కార్ల వర్క్‌షాపు గేటు దగ్గర సింహాద్రి చేత యూనిఫాం చొక్కా విప్పించారు. నీలం చొక్కా. జేబు మీద వర్క్‌షాపు పేరు కుట్టి ఉండేది. "మా చొక్కా వేసుకుని దొంగ బయటికెళ్తే మాకు పరువు తక్కువ" అన్నాడు సూపర్‌వైజర్ సీతారామాంజనేయులు. పనివాళ్ళు పద్దెనిమిది మందీ చూశారు. సింహాద్రి చొక్కా మడతపెట్టి వాచ్‌మన్ చేతికిచ్చి, బనీనుతో కంచరపాలెం దాకా నడిచి వచ్చాడు. బస్సెక్కలేదు. అప్పటికి అతనికి ముప్ఫై ఆరేళ్ళు.

అంతకు నెలరోజుల ముందు వర్క్‌షాపుకు ఒక షిప్పింగ్ కాంట్రాక్టరు కారు వచ్చింది. స్విచ్ నొక్కితే వెనక తలుపు అద్దం ముక్కుతూ పైకొచ్చి సగంలో ఆగిపోతోంది. సూపర్‌వైజర్ తలుపు విప్పించకుండానే జాబ్ కార్డు మీద "మోటారు మార్చాలి" అని రాశాడు. సింహాద్రి స్టోరు పుస్తకంలో సంతకం పెట్టి కొత్త మోటారు తెచ్చుకున్నాడు. కానీ అతనికొక పద్ధతి ఉంది. ముందు అద్దాన్ని మోటారు నుంచి విడదీసి చేత్తో లాగి చూస్తాడు. ఆ అద్దం చేత్తో లాగినా కదల్లేదు. అంటే తప్పు మోటారుది కాదు, అద్దం జారే రబ్బరు గాడిది.

మా ఊళ్ళో కార్లకు అది మామూలే. పోర్టు వైపు నుంచి ఖనిజం దుమ్ము వచ్చి గాడిలో చేరుతుంది. అద్దం బరువెక్కిందని డ్రైవర్లు అందులో కొబ్బరినూనె పోస్తారు. రెండ్రోజులు బాగానే ఉంటుంది. తర్వాత నూనె, దుమ్ము కలిసి ఎర్రటి ముద్దవుతుంది. మళ్ళీ నూనె పోస్తారు. సింహాద్రి ఆ ముద్దనంతా పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు కొంచెం చల్లాడు. పాత మోటారుతోనే అద్దం సాఫీగా పైకెళ్ళింది.

కొత్త మోటారు తిరిగిచ్చేద్దామని వెళ్తే స్టోర్‌కీపర్ అర్జునరావు భోజనానికి వెళ్ళాడు. సింహాద్రి డబ్బాను స్టోరు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. తిరిగిచ్చినట్టు పుస్తకంలో రాయించుకోలేదు. అతను చేసిన తప్పు అదొక్కటే. బిల్లులో మాత్రం కొత్త మోటారు పడింది. నెల తర్వాత కాంట్రాక్టరు ఇంకోచోట తలుపు విప్పిస్తే లోపల పాతదే ఉంది. గొడవైంది. స్టోరులో డబ్బా లేదు. పుస్తకంలో సింహాద్రి సంతకం ఉంది.

నేను అతన్ని ఎరిగింది ఆ తర్వాతే. కంచరపాలెం రైలుగేటుకు ఇవతల కార్లు బాగుచేసే అతని రేకుల షెడ్డు, దాని పక్కనే నేను పనిచేసే జిరాక్స్ షాపు. అతను నన్ను అల్లుడా అనేవాడు, నేను మావా అనేవాణ్ణి. వీధిలో అందరూ అతన్ని మోటారు సింహాద్రి అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు అది పనిని బట్టి వచ్చిన పేరనుకునేవారు. మా వీధివాళ్ళకు ఒక మనిషి గురించి ఒక్క మాట తెలిస్తే చాలు, రెండోది అక్కర్లేదు.

పని బాగానే ఉండేది. చలమయ్య అని ఒక టాక్సీ డ్రైవరు ప్రతి రెండు నెలలకీ వచ్చేవాడు.

"ఏటి బావా, నా బండికి పౌడరు రాత్తన్నావ్? పెళ్ళిసూపులకి గానీ తీసుకెల్తావేటి?"

"నువ్వు కొబ్బరినూని పోసి తీసుకొచ్చావు కదా. నూని రాసినోడివి పౌడరు కూడా రాసి తీసుకొస్తే నాకు పని తగ్గును."

అలా మాట్లాడేటప్పుడు కూడా అతను నవ్వేవాడు కాదు. ఎదుటివాళ్ళు నవ్వితే చూసేవాడు.

2001లో స్టీల్‌ప్లాంటు వైపు బండ్లు తిప్పే ఒక ట్రావెల్స్‌లో ఎలక్ట్రీషియన్ పని దాదాపు వచ్చింది. వాళ్ళు పాత వర్క్‌షాపుకు ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆ తర్వాత అతన్ని పిలవలేదు. ఆ రోజు అతని భార్య నూకాలు షెడ్డు ముందు నిలబడి వీధంతా వినేలా అరిచింది.

"ఎల్లి అడగవేటి? నాను దొంగని కానని ఆ మనిషి సేతే సెప్పించు. నీకు నోరు నేదా?"

"ఎల్తాను."

రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ గోపాలపట్నం బస్‌స్టాపు నుంచే తిరిగి వచ్చేశాడు. నేను ఒక కాగితం టైపు చేసి ఇచ్చాను. మోటారును సింహాద్రి తీసుకోలేదని నాలుగు వాక్యాలు, కింద సూపర్‌వైజర్ సంతకానికి చోటు. అతను దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పనిముట్ల పెట్టెలో అడుగున దాచాడు. ఆరేళ్ళు అది అక్కడే ఉంది.

2007 ఆగస్టులో వాన పడుతుండగా ఒక పాత కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు పక్క అద్దం సగంలో నిలిచిపోయి, బండి నడుపుతున్న పెద్దాయన భుజం తడిసిపోయింది. ఆయన దిగి స్టూలు మీద కూర్చున్నాడు. సింహాద్రి తలుపు అట్ట విప్పి, నా దగ్గరికి వచ్చి, మెషీన్ మీద చేతులు పెట్టి మెల్లగా అన్నాడు.

"అల్లుడా, అక్కడ కూకున్నది ఆంజినేలు గారు, ఆ సూపర్‌వైజరు."

"కాయితం తియ్యి మావా. ఇప్పుడే తియ్యి."

"పనవనీ."

నలభై నిమిషాలు పట్టింది. నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. పనయ్యాక చేతులు కడుక్కుని, కవర్లోంచి కాగితం తీసి ఆయనకిచ్చాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు.

"సింహాద్రి ఎవరు?"

"నానేనండి."

ఆయన తలెత్తి చూసి, మామూలుగా అన్నాడు. "ఆ మోటారు దొరికింది కదయ్యా! మూడు వారాలకే దొరికింది. స్టోరుకి సున్నం వేయిస్తుంటే బల్లకీ గోడకీ మధ్య సందులో ఉంది, డబ్బాతో సహా. నీకెవరూ చెప్పలేదా?"

"నేదండి."

"అర్జునరావు చెప్పుంటాడనుకున్నాను."

నేను షాపులోంచి లేచి వచ్చాను. "మరి తర్వాత ట్రావెల్స్‌వాళ్ళు ఫోన్ చేస్తే దొంగ అని ఎందుకు చెప్పారండీ?"

"ఎవరు తీశారో ఆ ఫోను. నాకేం తెలుసు బాబూ" అని ఆయన నా జేబులో పెన్ను అడిగి తీసుకుని సంతకం చేశాడు. తారీఖు కూడా వేశాడు. చక్కటి దస్తూరి. ఆ తర్వాత కారెక్కి అద్దం దించి, ఎక్కించి చూసుకున్నాడు.

"మోటారు మార్చావా?"

"నేదండి."

"బాగా చేశావ్" అని వెళ్ళిపోయాడు.

నేను ఆ కాగితం యాభై కాపీలు తీశాను. వీధిలో ప్రతి షాపుకూ అంటిస్తానన్నాను. నూకాలు ఒక కాపీ తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, పప్పుల డబ్బా కింద పెట్టింది. నేను ఏడెనిమిది అంటించాను. ఎవరూ ఆగి చదవలేదు. వానకు ఊడిపోయాయి. మోటారు సింహాద్రి అనే పేరు పోలేదు. ట్రావెల్స్‌కు నేనే కాగితం పట్టుకుని వెళ్తే, ఇప్పుడు ముప్ఫై అయిదు దాటినవాళ్ళను తీసుకోవడం లేదన్నారు. అతనికి అప్పటికి నలభై అయిదు.

మరుసటి ఏడాది నాకు తగరపువలసలో ఒక ప్రెస్సులో పని దొరికింది. చెప్పి వెళ్దామని షెడ్డుకు వెళ్ళాను. సింహాద్రి ఒక కారు తలుపు ముందు గొంతుక్కూర్చుని గాడి కడుగుతున్నాడు. వెళ్తున్నానంటే తలూపాడు. మంచిదే అన్నాడు. ఇంకేం మాట్లాడడనుకుని నేను కదలబోతుంటే, తలెత్తకుండానే అన్నాడు.

"అల్లుడా, ఆళ్ళకి ఆ మోటారు దొరికిన రోజున నాను ఏటి సేత్తన్నానో గుర్తు తెచ్చుకుందామంటే రాట్లేదురా. ఇంట్లో ఉన్నానో, పని ఎతుక్కుంటా ఎక్కడైనా తిరుగుతన్నానో. అప్పుటికి మూడు వారాలే కదా. పిలిత్తే మళ్ళీ పన్లోకి ఎల్లిపోదును."