మిష్టికి ముద్ద తగ్గించిన వరహాలమ్మ పెద్దమ్మ

నిన్న పొద్దున ఆఫీసు లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే పెద్దమ్మ కొడుకు రాజు అన్నయ్య ఫోన్ చేశాడు.

"అమ్మ పోయిందే" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను అక్కడే ఉన్నాను. మొన్న సాయంత్రమే నన్ను ఫోన్‌లో తిట్టింది, ఆదివారం భోజనానికి రాలేదని.

ఇది మన వాళ్ళ కోసం రాస్తున్నాను. తెలుగు చదవడం రాని మన కలకత్తా పిల్లలకి ఎవరైనా చదివి వినిపించండి.

వరహాలమ్మ పెద్దమ్మ మా అమ్మకి అక్క. పెళ్ళయి కలకత్తా వచ్చినప్పటి నుంచీ గార్డెన్ రీచ్‌లోనే ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టినవాడు తినకుండా బయటపడిన దాఖలా లేదు. చదువులకనీ ఉద్యోగాలకనీ ఈ ఊరొచ్చిన తెలుగు పిల్లలు ఎంతమంది ఆవిడ పప్పుచారు తిని బెంగ తీర్చుకున్నారో! కడుపు నిండిందని చెప్తే ఆవిడ లెక్కలోకి తీసుకునేది కాదు. ఇంకో ముద్ద పడేది.

అలాంటి మనిషికి దేవుడు పెట్టిన పరీక్ష చూడండి.

రాజు అన్నయ్య కూతురు మిష్టికి పుట్టుకతోనే ఒక అరుదైన జన్యు జబ్బు. కండరాలకి బలం రాదు. మెడ నిలవదు, కూర్చోలేదు. మందు ఉంది, ఒకే ఒక్క ఇంజెక్షన్. దాని ధర మా ఇళ్ళన్నీ అమ్మినా రాదు. చందాలు అడగడమే దారి.

పైగా ఇంకో మెలిక. పాప ఒక బరువు దాటితే ఆ మందు ఇవ్వరు.

అంటే చందాలు పోగయ్యేలోపు మిష్టి బరువు పెరిగిపోకూడదు. ఏ పూట ఎంత పెట్టాలో డైటీషియన్ చార్ట్ రాసిచ్చింది.

పెద్దమ్మకి ఇది ఏమాత్రం మింగుడుపడలేదు. "బిడ్డకి తిండి తగ్గించి బతికించడమేటి? ఇదెక్కడి డాక్టరీ?" అని అందరితోనూ పోట్లాడింది.

ఒక చెకప్‌లో బరువు ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ చూపించింది. డాక్టర్ ముఖం మారిపోయింది. మిష్టి తల్లి లక్ష్మి వదిన చార్ట్ తీసి, అంతా దీని ప్రకారమే పెట్టానండీ అని మళ్ళీ మళ్ళీ చెప్తోంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

మూల కుర్చీలోంచి పెద్దమ్మ మెల్లగా అంది. "నేనే పెట్టీసేను. నెయ్యన్నం. రోజూ మజ్జాన్నం, మీరెవరూ లేనప్పుడు. ఆ గుంట నా పళ్ళెం వేపు అలాగ చూస్తంటే నాకు ముద్ద దిగుతాదేటి?"

వదిన చార్ట్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మిష్టి ఎదురుగా ఎవరూ తినకూడదు. అది పెద్దమ్మ పెట్టిన రూలే. వంటింటి తలుపు వేసుకుని, ఆవిడ వెనక్కి తిరిగి గబగబా నాలుగు మెతుకులు మింగేది. అది చూసి నాకు ఏడుపొచ్చేది.

తర్వాత ఒక ఆదివారం నన్ను క్యాబ్ పిలవమంది.

"నాకొచ్చింది అన్నం పెట్టడం ఒక్కటే. అది వద్దన్నారు. నా చేతన్నం తిన్నోళ్ళున్నారు కదా, పద."

అలా మొదలైంది మా చందాల యాత్ర. గార్డెన్ రీచ్, ఏక్‌బాల్‌పూర్ అయ్యాక న్యూ టౌన్ ఫ్లాట్లు. తలుపు తీసీ తీయగానే, "ఒరే, నా చేతి కూడు తిన్నావా లేదా? ఇప్పుడు నా గుంటకి పెట్టు!" నేను వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవిడకి సిగ్గు ఏ కోశానా లేదు.

ఒక కుర్రాడు ఫోన్‌లోనే డబ్బు పంపి, అయిపోయింది అమ్మమ్మా అన్నాడు. పెద్దమ్మ కదల్లేదు.

"ఏదిరా? చేతిలో ఏటీ పెట్టలేదే?"

పాపం వాడు స్క్రీన్ చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "నాకు సరిగ్గా కనపడలేదు, మరోసారి కొట్టు" అంది. వాడు పగలబడి నవ్వి మళ్ళీ పంపాడు. వాడే ఆన్‌లైన్‌లో మేం పెట్టిన చందాల పేజీని వాళ్ళ ఆఫీసు గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి అది ఎక్కడెక్కడికో వెళ్ళింది. పక్క వీధి క్లబ్ దాదాలు, అంటే బెంగాలీ అన్నలు, దుర్గా పూజ రోజుల్లో మైకులో మిష్టి పేరు చెప్పి అడిగారు. మాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళు పంపారు. మీలో చాలామంది పంపారు. మీ అందరికీ దండం.

బరువు హద్దు దాటకముందే మందు పడింది. ఆ సాయంత్రం పెద్దమ్మ డాక్టర్‌ని అడిగింది ఒక్కటే. "ఇంక పెట్టొచ్చా బాబూ?"

గుణం మెల్లగా తెలుస్తుంది, ఓపిక పట్టండి అన్నారు. ఓపిక అనే సరుకు ఆవిడ దగ్గర లేదు. రోజూ మిష్టిని కూర్చోబెట్టి చేతులు వదిలేది. పాప ఒరిగిపోయేది. మళ్ళీ పట్టుకునేది.

నిన్న ఇల్లంతా జనం. ఎవరో మిష్టిని తెచ్చి పెద్దమ్మ పక్కన చాప మీద దింపారు. ఆ గందరగోళంలో వెనక దిండు పెట్టాలని ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ కాళ్ళ దగ్గర ఏడుస్తున్న లక్ష్మి వదిన తలెత్తి చూసి, ఒక్కసారిగా అరిచింది.

"అత్తయ్యా! చూడండి, కూర్చుంది!"

మిష్టి దేన్నీ ఆనుకోకుండా కూర్చుని ఉంది.

మేమంతా పెద్దమ్మ వైపే తిరిగాం, ఏమంటుందో అని.

ఆ తర్వాత ఇంట్లో లేచిన ఏడుపు నేను రాయలేను.

వెళ్ళిరా పెద్దమ్మా. ఎవరి ఆకలీ నీకు కనపడని చోట, నువ్వు కూడా తిని కాస్త ప్రశాంతంగా పడుకో.