ఉత్తరం గుర్తు లేని మోకాలు

నా భార్య మంచి మోకాలికి నేను దగ్గరుండి చిల్లు పెట్టించబోయిన కథ ఇది. ఆసుపత్రి మంచం మీద, తెల్లదుప్పటి కప్పేదాకా తీసుకెళ్ళాను. ఆపైన ఏం జరిగిందో, నా మానం పోయినా సరే, చెప్పి తీరాలి.

అప్పటికి నేను పొదిలిలో సర్వేయరుగా రిటైరై రెండేళ్ళు. కొలవడానికి పొలాలు లేక చెయ్యి దురద పుడుతున్న కాలం. సరిగ్గా అప్పుడే మా సుభద్రకు మోకాలు నొప్పి వచ్చింది. నాకు పని దొరికింది. రోజూ సాయంత్రం ఆమె మంచం మీద కూర్చునేది, నేను ఎదురుగా కుర్చీ వేసుకునేవాణ్ణి. ఆమె చెయ్యి ఎక్కడ నొక్కుకుంటే అక్కడ గుర్తుపెట్టి, డైరీలో రెండు మోకాళ్ళ బొమ్మ గీసి, కింద రాసేవాణ్ణి: "ఎడమ మోకాలు, లోపలి గట్టు. నిన్నటికంటే ఎక్కువ."

ఆ డైరీ చంకన పెట్టుకునే పొదిలిలో ఎక్స్‌రే తీయించాను, ఎడమ మోకాలికి. సుభద్ర ఏదో అనబోయినా నేను వినిపించుకోలేదు. ఫిల్ములో ఏమీ లేదన్నారు. ఉంటే కదా, కనపడడానికి.

సుభద్రకు మాత్రం బెంగ పట్టుకుంది. "మా అక్కకు కూడా మొదట ఏమీ లేదనే అన్నారండీ. చివరికి కీలు మార్చారు. నాకూ అంతేనేమో."

గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ ఉందనీ, మోకాల్లోకి వెలుగు పంపి, గుజ్జు అరగకముందే జబ్బు పసిగడుతుందనీ ఎవరో చెప్పారు. వెళ్ళాం. డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పాను. సుభద్ర రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ "నువ్వుండు" అన్నాను.

పరీక్ష రోజు నర్సు మార్కరు పెన్ను తెచ్చింది. "అమ్మా, ఏ కాలు?"

"ఎడమ," అన్నాను నేను.

"కుడి," అంది సుభద్ర.

"నువ్వుండు సుభద్రా. నాలుగు నెలల రికార్డు ఉంది."

"రికార్డు మీదండీ. కాలు నాది."

నర్సు పెన్నుకు మూత పెట్టి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆవిడ నా డైరీ తీసుకుని ఓపిగ్గా పేజీలు తిప్పింది.

"బొమ్మలు బాగున్నాయి సార్. ఎక్కడ కూర్చుని గీశారు?"

"ఆమెకు ఎదురుగా."

"అంటే మీ ఎడమ చేతివైపు ఉన్నది..."

"నా కుడికాలు," అంది సుభద్ర, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

డాక్టరమ్మ డైరీ మూసి నా చేతిలో పెట్టింది. "సర్వేయరుగారూ, మ్యాపులో ఉత్తరం గుర్తు వేయలేదేంటండీ?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముప్పై ఏళ్ళు రచ్చలో ఊళ్ళకు ఊళ్ళు కొలిచినవాణ్ణి, ఇంట్లో రెండు మోకాళ్ళ దగ్గర హద్దు తప్పాను. ఆమె ఆ ఒక్క మాట అనకపోతే మంచి మోకాల్లోకి చూసి, ఏమీ లేదని ఇంటికి పంపేసేవారు. అసలు జబ్బు కుడికాల్లో హాయిగా ముదిరేది.

నర్సు కుడికాలి మీద బాణం గుర్తు వేసింది. మిరపకాయల టిక్కీ బస్తాలు కుట్టే దబ్బనమంత సన్నటి గొట్టం లోపలికి పంపారు. దాని కొసన వెలుగు. అది మన కంటికి ఆనని వెలుగట. గుజ్జులోకి దిగి, ఒక్కో పొరనూ తాకి వెనక్కి వచ్చి, తాను చూసిందంతా బొమ్మ గీసి చూపుతుందట.

ఆ సాయంత్రం మా ఇద్దరికీ ఆ బొమ్మను కంప్యూటరులో చూపించారు. నల్లరేగడిలో బావి తవ్వితే గోడన కనిపించే పొరల్లా, గీత మీద గీత, ఎంత పొందికగా ఉన్నాయో. మొత్తం మందం ఆవగింజంత లేదు. ఎకరాలు కొలిచిన నా కళ్ళు ఆ ఆవగింజ ముందు చిన్నబోయాయి. ఒక్కచోట మాత్రం గీతలు చెదిరి, మసకబారి ఉన్నాయి.

నేను కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగానే, చీరాల చేనేత ఇంటి పిల్ల సుభద్ర అంది: "ఇక్కడ పోగులు సడలాయి కదమ్మా."

డాక్టరమ్మ ఆమెకేసి తిరిగింది. "సరిగ్గా అదేనమ్మా. పైన నున్నగానే ఉంది, లోపల అల్లిక సడలింది. ఇంకా తెగలేదు. తొడల కండ బలపడేట్టు వ్యాయామం చేస్తూ, బరువు తగ్గితే, కీలు మార్చే మాట ఇప్పట్లో రాదు."

సుభద్ర కళ్ళు తుడుచుకుంది. నేను తెర వంకే చూస్తూ ఉండిపోయాను. కత్తికి తెలియనిది, ఎక్స్‌రేకు దొరకనిది, నా డైరీ తలకిందులు చేసినది, ఇంత వెలుగు లోపలికి వెళ్ళి కనుక్కొచ్చింది.

తిరుగు ప్రయాణంలో, బస్టాండుకు వెళ్ళే ఆటోలో, ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ నాలుగు నెలలూ ఆమె పక్కన కూర్చుని, డైరీ చూసి మరీ, ఎడమ మోకాలికే నువ్వుల నూనె పట్టించాను.

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"మొదటిరోజు చెప్పబోయాను. ఇంతలో మీరు పట్టారు. సర్వే గొలుసు లాగినట్టు పట్టారు. మంచికాలు కాబట్టి తట్టుకుంది. నొప్పికాలు చూపిస్తే ఏమయ్యేదాన్ని?"

ఆటోవాడు నవ్వాపుకోలేక హారను కొట్టాడు.

ఇంటికి రాగానే స్నానం చేసి, తూర్పుకు తిరిగి, డైరీలో ప్రమాణం రాశాను: "ఇకమీదట ఒకరి నొప్పి వారి నోట వింటే తప్ప రాయను. వారు మాట్లాడుతుండగా 'నువ్వుండు' అనను. సుభద్ర మోకాలికి నూనె పట్టించను."

ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "ఏ మోకాలో రాయలేదే," అంది.

"రెండూ" అని చేర్చి, సంతకం పెట్టాను.