మా మేనత్త సముద్రంలో దిగిన వైనం

కొత్తగా జీతం అందుకునే రోజుల్లో మనిషికి వచ్చే ధైర్యం మళ్ళీ ఏ వయసులోనూ రాదు. ఆ రోజుల్లో నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని. వినాయక్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం: నేను, సైన్స్ మేడం, డ్రాయింగ్ మేడం. (పిల్లలు పిలిచే పేర్లే మాకూ అలవాటైపోయాయి. గదిలో కూడా "సైన్స్ మేడం, పప్పు అడుగంటుతుంది సూడు" అనే అనుకునేవాళ్ళం.) వారమంతా పిల్లల మీద అరిచి అరిచి, ఆదివారం వచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా లేక మంచాల మీద పడి ఫోన్లు చూసుకునేవాళ్ళం. అలాంటి ఒక ఆదివారం డ్రాయింగ్ మేడం తన ఫోను తెచ్చి మా ముక్కుల ముందు పెట్టింది. అందులో ఒక తాబేలు, నీలం నీళ్ళలో, ఏ తొందరా లేకుండా ఈదుకుంటూ పోతోంది. దాని పక్కనే వీపున సిలిండరు కట్టుకున్న ఒక అమ్మాయి. "గిది మనం గూడ చెయ్యొచ్చట. ఈత రాకున్నా నడుస్తదట" అంది డ్రాయింగ్ మేడం. ఆ ఒక్క మాటతో మా ముగ్గురి బతుకులూ మారిపోయాయని అప్పుడు మాకు గట్టి నమ్మకం.

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవెక్కి వెళ్ళాల్సిన ఒక చిన్న దీవి అది. మాలో ఒక్కరం కూడా సముద్రం చూడలేదు. మా వైపు నీళ్ళంటే నిజాంసాగర్ కాలువ, మహా అయితే బాసర దగ్గర గోదావరి. పైగా నేను తలస్నానం చేస్తూ చెంబు నీళ్ళు మొహమ్మీద పడితేనే ఉక్కిరిబిక్కిరయ్యే మనిషిని. అయినా సరే, ఏప్రిల్ చివర బడికి సెలవులివ్వగానే బయల్దేరాలని తీర్మానం చేసేశాం. నీళ్ళ కింద ముక్కు మూసుకుపోతుందనీ, నోటితోనే గాలి పీల్చాలనీ సైన్స్ మేడం ఎక్కడో చదివి చెప్పింది. ఆ సాయంత్రం నుంచే ముక్కులకు బట్టల క్లిప్పులు పెట్టుకుని సాధన మొదలుపెట్టాం.

ఇక మిగిలింది ఇంట్లో చెప్పడం. మా ఊరు బోధన్ దాటాక వస్తుంది. చుట్టూ చెరుకు తోటలు, వరి మళ్ళు. మా బాపు ఎంత పెద్ద విషయాన్నయినా ఒక్క మాటతో తేల్చేసేవాడు: "అక్కనడుగు." అమ్మదీ అదే తీరు, కాకపోతే "వదిననడుగు" అనేది. ఆ అక్కా, ఆ వదినా మా మేనత్త. మా పక్కిల్లే ఆమెది. మామ నా చిన్నప్పుడే మస్కట్ పోయాడు. రెండేళ్ళకోసారి సబ్బులూ, దుప్పట్లూ మోసుకుని వచ్చి, అవి పంచడం పూర్తికాకముందే మళ్ళీ వెళ్ళిపోయేవాడు. ఇక్కడ చెరుకు నాటించడం నుంచి లారీకెత్తించడం దాకా అంతా మేనత్తే. మేం పిల్లలం ఆమె వినకుండా 'కలెక్టర్' అనుకునేవాళ్ళం. ఆమె గట్టు మీద కనబడితే చాలు, లారీ డ్రైవర్లు నోట్లో బీడీ తీసి పారేసేవాళ్ళు. అలాంటి మనిషి ముందుకు వెళ్ళి, నేను సముద్రంలో దిగుతానని చెప్పాలి.

నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూచుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. బస్సులో వస్తూ నేర్చుకున్న ఉపన్యాసమంతా మర్చిపోయాను.

"అత్తమ్మా, టూర్ పోదామనుకుంటున్నం."

"ఏడికి?"

"అండమాన్."

"గదేడుంది?"

"సముద్రం నడుమల."

తొడిమలు తీస్తున్న చెయ్యి ఆగింది. "ఆడ ఏం జేస్తరే?"

"నీళ్ళ కిందికి దిగుతం. షాపలు, తాబేళ్ళు ఉంటయ్. సూసి మళ్ళ పైకొస్తం."

"ఎవలెవలు పోతున్రు?"

"మేం ముగ్గురం టీచర్లమే."

నేను పిడుగు కోసం ఎదురుచూస్తున్నాను. ఆమె ఒక మిరపకాయ తీసుకుంది, తొడిమ తుంచింది, చేటలో వేసింది. "మంచిది" అంది. నా చెవులను నేను నమ్మలేదు. ఎగిరి గంతేద్దామని లేవబోతుంటే, తల ఎత్తకుండానే ఇంకో మాట అంది: "నలుగురికి టికెట్లు తియ్యి. నేను గూడ వస్త."

నేను మళ్ళీ కూలబడ్డాను. "నువ్వా? అత్తమ్మా, గది సముద్రం!"

"ఎరికే. మీ మామ గిన్నేండ్ల సంది గా సముద్రం దాటి పోవుడు, వచ్చుడు. గదెట్లుంటదో నేను కండ్ల జూడలే. తోల్కపోతవా, మీ బాపుకు వద్దని చెప్పాల్నా?"

(దీన్ని బెదిరింపు అంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆశీర్వాదంలా వినబడింది.) బాపుకు చెబితే, తింటున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అక్కనా? సముద్రంలకా?" అని నన్నొకసారి, గోడవైపు ఒకసారి చూశాడు. గోడ అవతలనుంచి అప్పుడే మేనత్త ఫోను మాట్లాడడం మొదలైంది. ఆమె ఫోనులో మాట్లాడితే మా ఇంటికి స్పీకర్ అవసరం లేదు, కానీ ఆమె స్పీకర్ కూడా పెట్టేది. "ఇగో, నేను సముద్రంలకు పోతున్న" అంది. 

"ఏమైందే? ఎవలన్న ఏమన్న అన్నరా?" అని మస్కట్ నుంచి మామ కంగారుపడ్డాడు.

"ఎవలేమంటరు? పిల్లతోని టూర్ పోతున్న. నీళ్ళ కిందికి దిగి షాపలు జూస్తరట."

"నీకు ఈతొస్తదా?"

"నీకు విమానం నడుపొస్తదా? ఎక్కి పోతలేవా?"

బాపు ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, "జెర పైలం బిడ్డా" అన్నాడు. జాగ్రత్తగా ఉండమన్నది నన్నా, సముద్రాన్నా అన్నది నాకు అర్థం కాలేదు.

నిజామాబాద్ వచ్చి ఈ కబురు చెప్పగానే గదిలో సూతకం పట్టినట్టయింది. "మనం సెలవులకు పోతున్నమా, పరీక్షకు పోతున్నమా?" అని డ్రాయింగ్ మేడం ఏడుపు మొహం పెట్టింది. సైన్స్ మేడం మాత్రం ధైర్యం చెప్పింది: "ఆమెకు తెల్వక వస్తానంటుంది. తెలిస్తే ఆమెనే వద్దంటది. భయపెడదాం." వచ్చే ఆదివారమే భయపెట్టాలని అనుకున్నాం. కానీ మేం సిద్ధమయ్యేలోపే, ముక్కులకు క్లిప్పులతో, నోళ్ళు తెరుచుకుని ముగ్గురం వరసగా గోడకానుకుని కూచున్న సమయంలో, తలుపు తోసుకుని మేనత్త లోపలికి వచ్చింది. చంకలో సంచి, చేతిలో బెల్లం డబ్బా. మమ్మల్ని చూసి గడపలోనే నిలబడిపోయింది. "ఏమైందే మీకు?"

"ప్రాక్టీస్ అత్తబ్బా" అన్నాను, క్లిప్పు తియ్యడం మర్చిపోయి.

సంగతి విన్నాక నవ్వుతుందనుకున్నాం, తిడుతుందనుకున్నాం. ఆమె దండెం మీదనుంచి ఒక క్లిప్పు తీసి తన ముక్కుకు పెట్టుకుని, మా బీరకాయలు ముందేసుకుని చెక్కు తీస్తూ కూచుంది. కూర దించేదాకా క్లిప్పు తియ్యలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "ఇందుల ఏబుందే?" అంది.

అయినా సైన్స్ మేడం వెనక్కి తగ్గలేదు. సొరచేప నోరు తెరిచి మీదికి వచ్చే వీడియో ఒకటి ఏరి మరీ చూపించింది. మేనత్త ఫోను దగ్గరికి లాక్కుని, ఆపి, మళ్ళీ చూసింది. "దీని పండ్లు మంచిగున్నయ్. మీ మామకు కట్టిచ్చిన పండ్లకన్న నయం" అంది. ఇక మా దగ్గర మిగిలింది ఒకే ఒక్క అస్త్రం. జన్మలో చీర తప్ప ఇంకోటి కట్టి ఎరగని మనిషని మేం నమ్మిన మేనత్తకు, నీళ్ళలో దిగాలంటే ఒంటికి అతుక్కుపోయే నల్లటి రబ్బరు డ్రెస్సు వేసుకోవాలని డ్రాయింగ్ మేడం బొమ్మతో సహా చూపించింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"తొడుక్కుంట" అంది మేనత్త. "శేన్ల మందు కొట్టేటప్పుడు మీ మామ ప్యాంటు, సొక్క తొడుక్కునే కొట్టిన. సీరె కట్టుకోని కొడితే కొంగు పంపుల జిక్కుతది. గది జూసి ఎవలన్న నవ్విండ్రా? నవ్వుమను సూద్దాం."

ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి నేనెప్పుడూ చూడని ఆ దృశ్యాన్ని ఊహించుకుంటూ నేను నోరు తెరిచి ఉండిపోయాను. ఆ రోజుతో మా భయపెట్టే కార్యక్రమం ముగిసింది. టికెట్లు నలుగురికీ తీశాం.

ప్రయాణం సంగతి ఎక్కువ చెప్పను. విమానంలో మేనత్త కిటికీ సీటు ఎవరికీ ఇవ్వలేదు. పడవలో మేం ముగ్గురం వాంతులు చేసుకుంటుంటే, ఆమె మా నోట్లో ఒక్కో నిమ్మకాయ ముక్క కుక్కుతూ తిరిగింది. దీవిలో దిగి మొదటిసారి ఒడ్డున నిలబడింది. కాళ్ళ మీదికి అల వస్తే ఒక అడుగు వెనక్కి వేసి, వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకుంది. "గిన్ని నీళ్ళున్నయ్, ఒక్క మడి తడుపనీకి పనికిరావు" అని ఉమ్మేసింది.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళే ఆయన వచ్చాడు. పెద్ద మీసాలు, నెమ్మదైన మనిషి. ముందు మోకాలు దాటిన నీళ్ళలో మోకరిల్లి, మూతికి గొట్టం పెట్టుకుని, తల ముంచి గాలి పీల్చడం నేర్పాడు. మొదటి వంతు నాదే. ఈ యాత్రకు నాయకురాల్ని కదా. తల ముంచానో లేదో, చెవుల్లో ఏదో బుడబుడమంది, అంతే. తర్వాత నాకు గుర్తున్నదల్లా, ఆయన మెడ పట్టుకుని నేను వేలాడుతుండడం, ఆయన హిందీలో "మేడం, నిలబడండి, నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి" అని బతిమాలుతుండడం. మరో రెండుసార్లు ప్రయత్నించాం. నాలుగోసారి మెడ ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు.

సైన్స్ మేడం, డ్రాయింగ్ మేడం వెళ్ళి, తాబేలు కనబడలేదని సణుగుతూ తిరిగొచ్చారు. అప్పుడు బట్టలు మార్చుకునే గదిలోంచి మేనత్త వచ్చింది. మెడ నుంచి మడమల దాకా నల్లటి రబ్బరు, పైన గట్టిగా బిగించిన కొప్పు, నుదుటన కుంకుమ బొట్టు. మా ఊళ్ళో గట్టు మీద ఎలా నడుస్తుందో అలాగే నడిచొచ్చింది. నవ్వడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. మీసాలాయనతో మన నిజామాబాద్ హిందీలో, "భయ్యా, హాథ్ ఛోడే తో దేఖో" అని, చెయ్యి వదిలావో చూసుకో అన్నట్టు ఒక హెచ్చరిక పడేసి, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. నడుము మునిగింది, భుజాలు మునిగాయి, కొప్పు మునిగింది. నీళ్ళ మీద బుడగలు మాత్రం మిగిలాయి.

అప్పటిదాకా నవ్వులాటగా ఉన్న వ్యవహారం ఒక్కసారిగా నా గుండెల మీద కూచుంది. మా ఇంటి పెద్దదిక్కును, ఈత రాని మనిషిని, ఊరూ పేరూ తెలియని ఒక మీసాలాయన చేతిలో పెట్టి సముద్రంలోకి పంపాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఆ దీవిలో, సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. బాపు.

"అక్క ఏడుంది బిడ్డా?"

"నీళ్ళల్ల ఉంది బాపు."

"తానం జేస్తుందా?"

"ఆ..."

"మంచిది. అయినంక ఒకసారి ఫోన్ జెయ్యమను."

ఫోను పెట్టేసి చూస్తే బుడగలు కూడా దూరంగా జరిగిపోయాయి. ఆమె తర్వాత దిగిన టూరిస్టులు కూడా పైకొచ్చేశారు, ఒళ్ళు తుడుచుకున్నారు, కొబ్బరినీళ్ళు కూడా తాగేశారు. మేనత్త రాలేదు. సైన్స్ మేడం ఏదో ధైర్యం చెప్పబోతే, "నువ్వు మాట్లాడకు" అని కసురుకున్నాను. బాపుకు ఏమని చెప్పాలి, మస్కట్‌కు ఎవరు చెప్పాలి అని ఒడ్డున అటూ ఇటూ తిరుగుతుంటే, మొదట మీసాలు కనబడ్డాయి, వెనకే కొప్పు. ఆయన ఆయాసపడుతున్నాడు. పైకి పోదామంటే నీళ్ళలో బొటనవేలు పైకెత్తి చూపించాలట. ఆయన వేలు చూపించినప్పుడల్లా, తనను మెచ్చుకుంటున్నాడనుకుని మేనత్త కూడా వేలెత్తి చూపించి, ఇంకా లోపలికి పదమని చెయ్యి గుంజిందట. "ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అందర్నీ నేను తీసుకెళ్ళడమే గాని, నన్ను తీసుకెళ్ళినవాళ్ళు లేరు" అన్నాడు పాపం.

మేనత్త ఇసకలో చతికిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉప్పునీళ్ళ వల్లే అనుకున్నాను.

"అత్తమ్మా, ఏం జూసినవ్? తాబేలు కనబడ్డదా?"

ఆమె సముద్రం వైపే చూస్తోంది.

"సప్పుడు లేదే పిల్లా" అంది చివరికి. "ఇంతసేపు ఒక్కలు గూడ పిలువలే నన్ను."

కాసేపటికి ఆమే లేచి, నా ఫోను లాక్కుని మస్కట్‌కు కలిపింది. "ఇన్నేండ్ల సంది దాటుడే దాటినవ్, ఒక్కసారన్న దిగినవా?" అని మామను నిలదీస్తుంటే, ఆ గొంతు విని నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

నాకిప్పుడు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. హైదరాబాద్‌లో ఉంటున్నాను. వంటింట్లో ఉంటే హాల్లోంచి, హాల్లో ఉంటే వంటింట్లోంచి పిలుపులు వస్తూనే ఉంటాయి. ఒక్కోసారి స్నానాల గదిలో పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో కాసేపు ఊరికే నిలబడతాను. సముద్రంలో మాత్రం ఈనాటికీ దిగలేదు. ఆ రోజు డ్రాయింగ్ మేడం తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. అందులో మేనత్త నల్ల డ్రెస్సులో నీళ్ళకేసి పోతోంది. వెనక ఒడ్డు మీద ఒక బక్కపిల్ల, అందరి చెప్పులూ గుండెలకు హత్తుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆ యాత్రకు నాయకురాలు ఆ పిల్లే. ఎవరైనా అడిగితే ఈ మాట నవ్వుతూనే చెబుతాను, కానీ ఆ ఫొటోను మాత్రం వెంటనే చేతిలోంచి దించలేను.